కాళ్లున్న మెమరీ

ఇంజనీరింగ్ చదివిన మా చెల్లెలి కొడుకా శ్రీనూ, నిన్న నేనిక్కడ పెట్టిన ఫొటో కింద నువ్వు రాసినట్టు అందులో ఉన్నది పేల దువ్వెన కాదు. నా పాత కంప్యూటర్ మెమరీ. దసరా కుంకుమ తుడిచి, చిప్పుల మీది నంబరు చదివి మరీ పోల్చుకున్నాను. ఆ సూది కాళ్లు బోర్డు రంధ్రాల్లో దిగితేనే కంప్యూటర్ లేస్తుంది. ఈ రోజు కంప్యూటర్ బాగుచేస్తానని వచ్చి, నేను టీ పెట్టేలోగా దాని రెండు కాళ్లు కత్తిరించావు.

“పెద్దమ్మా, మెమరీకి కాళ్లుంటయా? ఎవడో అతికించిండు!”

“నీకూ ఉన్నయి గద కాళ్లు. గవి నిన్ను మా ఇంటికి తెచ్చుడే నష్టం.”

నా టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మిగిలిన ఒక్క కంప్యూటర్ ఇప్పుడు పూర్తిగా మూగబోయింది. ఇది చదువుతున్న మీ ఇళ్లల్లోనూ ఇలాంటి ఇంజనీర్లున్నారా, చెప్పండి.

శ్రీనూ, రేపు ఖమ్మంలో సన్నటి సోల్డర్ తీగ కొనుక్కురా. తెగిన కాళ్లు నా దగ్గరే ఉన్నాయి, అతికించేది నేనే. కట్టర్ మాత్రం మీ ఇంట్లోనే పెట్టి రా.