చదువును బట్టి ఇల్లు

ఇల్లు కావాలని ఎవరొచ్చినా, తాళాల గుత్తి వేలికి తిప్పుకుంటూ బ్రోకరు ముందు వయసూ చదువూ అడుగుతాడు. పాతికేళ్ల ఇంజనీరైతే ఆఫీసు దగ్గర ఒంటిగది, అరవై దాటిన పదో తరగతైతే కొడుకుల కాపురాలకు సరిపడే మూడు గదుల ఇల్లు. ఈ లెక్క ఎన్నడూ తప్పలేదు. ఒకనాడు అరవై ఏడేళ్ల దర్జీ ఆవిడ వచ్చి కాలేజీ పక్కన ఒంటిగది అడిగింది.

"మనవడికా అమ్మా?"

"నాకే నాయనా. డిగ్రీలో చేరాను. ఇంట్లో కోడళ్ల టీవీ గోలకి ఒక్క ముక్క ఎక్కట్లేదు."

బ్రోకరు వేలికి తిరుగుతున్న తాళాల గుత్తి ఆపాడు. అయినా గది చూపించాడు. దిగిన రోజే ఆవిడ పక్కగది ఇంజనీర్ల తలుపు కొట్టి, "పాటలు ఆపండి నాయనా, పరీక్షలున్నాయి" అంది. రోజూ అదే వరస. వారం తిరక్కుండా వాళ్లు ఖాళీ చేశారు. ఆ గదిలోకి ఆవిడ వియ్యపురాలు దిగింది. ఆమెదీ మొదటి సంవత్సరమే.