పులుపన్న మాట

పట్నంలోని జహనుమాలో వామన్‌రావు వాళ్లది గుడి కొలువు చేసుకునే కుటుంబం. తండ్రి పోయాక అన్న విఠల్‌రావు అర్చకత్వానికి కుదురుకున్నాడు. ఒక చిన్న గుడి ఇద్దరన్నదమ్ముల సంసారాలను మోయలేదు గనుక వామన్‌రావు ఉర్దూ, ఇంగ్లీషు నేర్చుకుని కొలువు వెతుక్కున్నాడు. చివరికి దొరికింది అఫ్జల్‌గంజ్‌లో దుర్గయ్య సేటు దుకాణంలో. ముందు గదిలో బిస్కట్లు, చాయ్‌పత్తా డబ్బాలు, సబ్బులు. వెనక గదిలో బొంబాయి మీదుగా వచ్చే విలాయతీ మందు సీసాలు. బొంబాయికి ఉత్తరాలు రాయడం, సీసాల మీది పేర్లు చదివి గిరాకీలకు చెప్పడం వామన్‌రావు పని. అన్నతో మాత్రం బిస్కట్ల దుకాణమని చెప్పాడు. అసలు సంగతి భార్య రాధాబాయికి తెలుసు. అన్నకు తెలుసో లేదో ఇతను అడగలేదు, ఆయన అనలేదు.

కొలువులో చేరిన మొదటి రోజు సేటు సీసాల వైపు చేయి చూపి, "ఏం పంతులూ, వీటి సంగతి ఎరుకేనా?" అన్నాడు. పేర్లు చదవగలను కదా అనుకుని వామన్‌రావు తలూపాడు. సేటు దాన్ని, తాగి రుచులు తెలిసినవాడని తీసుకున్నాడు. దుర్గయ్య సేటు మందు అమ్ముతాడే గాని చుక్క ముట్టడు. తన తమ్ముడొకడు తాగి తాగి పాడైపోయాడని ఒట్టు పెట్టుకున్న మనిషి. అందుకని రుచుల సంగతి వచ్చినప్పుడల్లా, "మా పంతుల్ని అడుగుండ్రి" అనేవాడు. వామన్‌రావు ఎవరో గిరాకీ నోట విన్న ముక్క ఇంకో గిరాకీకి చెప్పేవాడు. ఆ ముక్కలకు దుకాణంలో విలువ పెరిగింది. నేను ఎన్నడూ తాగలేదు సేటూ అనే మాట గొంతు దాకా వచ్చి, రోజులు గడిచిన కొద్దీ కిందికి దిగిపోయింది.

పంతొమ్మిది వందల ముప్పై ఆరో సంవత్సరం చలికాలంలో చాంద్రాయణగుట్ట దారిలో ఉన్న ద్రాక్షతోట నుంచి సేటుకు పిలుపు వచ్చింది. ఆ తోట హోర్ముస్‌జీ అనే పార్సీ ముసలాయనది. ఆయనా, భార్య దీన్‌బాయీ ఏళ్ల తరబడి అక్కడ ద్రాక్ష పెంచి, వైను చేసి, పీపాల్లో దాచారు. పిల్లలు లేరు. ఉన్న ధ్యాసంతా ఆ తీగల మీదే. ఇప్పుడు దాన్ని నలుగురికీ అమ్మాలనుకున్నారు. ముందు కొందరిని పిలిచి రుచి చూపించి, మంచిదంటే దుర్గయ్య సేటు దుకాణంలో పెట్టించాలని వాళ్ల ఆశ. ఇక్కడి మట్టిలో పుట్టిన వైనును విలాయతీ సీసాల పక్కన పెట్టుకోవడానికి అంత పెద్ద దుకాణం ఇంకొకటి ఒప్పుకోదు.

"నేను పోయి ఏం జేస్త? నువ్వు పో పంతులూ," అన్నాడు సేటు. "తాగి చూడు. పెట్టుకుందామా వద్దా, నువ్వు ఏదంటే గదే."

ఆ సాయంత్రం బయలుదేరుతుంటే రాధాబాయి ఉతికిన కోటు అందించి, "ఎక్కడికి?" అంది. "సేటు పని" అన్నాడు. ఆమె ఇంకేమీ అడగకపోవడం అతనికి అడిగినదానికంటే ఎక్కువ గుచ్చుకుంది.

తోటలో పందిరి పక్కన పొడుగాటి బల్ల వేసి తెల్లటి గుడ్డ పరిచారు. ఇంకా ఎండ ఉంది. ఒక డాక్టరు, కొలువు మానుకున్న ఇంజనీరు ఒకాయన, ఒక జాగీర్దారు గారి మేనేజరు వచ్చారు. హోర్ముస్‌జీ నల్లటోపీ సర్దుకుంటూ పెళ్లింటి తండ్రిలాగ అటూ ఇటూ తిరుగుతున్నాడు. దీన్‌బాయి కూలీల దగ్గర తెలుగు నేర్చుకుంది. వామన్‌రావును చూడగానే పక్కకు పిలిచి, "మీరు పంతుళ్లని సేటు చెప్పిండు. మీకు అలగ్ పెట్టిన భాయ్. కొత్త గిన్నెల చేపిచ్చిన. ఫికర్ చేయకుండ్రి," అని మోదుగ విస్తరిలో పండ్లు, వేయించిన పల్లీలు, సన్నటి కారప్పూస తెచ్చి ముందు పెట్టింది. అంత ఆలోచించిన మనిషికి తనకు తాగే అలవాటు లేదని చెప్పడం ఎంత సులువు! నోరు తెరిచాడు కూడా. అప్పటికే హోర్ముస్‌జీ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టాడు.

"ముందు వెలుతురుల పెట్టి చూడుండ్రి," అన్నాడు ముసలాయన. "తర్వాత వాసన. తర్వాత కొంచెం నోట్లె పట్టుకోవాలె. గటగట తాగొద్దు. అది మనతోని మాట్లాడెదాక ఆగాలె."

అందరూ గ్లాసులెత్తారు. వామన్‌రావు కూడా ఎత్తాడు. ఎండ పడి తెల్ల ద్రాక్ష వైను లేత బంగారు రంగులో మెరిసింది. వాసన చూశాడు. తడి మట్టి, పండిన పండు, ఇంకేదో తెలియనిది. పెదవులకు ఆనించి ఆగాడు. పొద్దున అన్న చేతుల మీదుగా తీసుకున్న తీర్థం గుర్తొచ్చింది. వాళ్లు మాటల్లో ఉండగా వెనక్కి ఒక అడుగు వేసి, గోడ వార ఉన్న గులాబీ కుండీలోకి గ్లాసు మెల్లగా వంచేశాడు. తర్వాత ఎర్రది వచ్చింది. దాన్నీ అక్కడే ఒంపాడు. తియ్యటిది వచ్చింది. అదీ అంతే.

అందరూ ఏదో ఒకటి అంటున్నారు. డాక్టరు తెల్లదాన్ని నోట్లో తిప్పి, "కొంచెం పులుపు ఉంది," అంటూ ఇంకేదో అనబోతుంటే మేనేజరు గట్టిగా నవ్వడంతో తక్కిన మాట వినపడలేదు. హోర్ముస్‌జీ వామన్‌రావు దగ్గరికొచ్చి భుజం మీద చేయి వేశాడు.

"వీళ్లందరు దోస్తులు. దోస్తులు బాగుందనే అంటరు. నువ్వు దుకాణపు మనిషివి. నువ్వు నిజం చెప్పాలె."

"మస్తుగున్నది సేఠ్‌జీ," అన్నాడు వామన్‌రావు.

ముసలాయన కళ్లు చెమ్మగిల్లాయి. భార్య వైపు తిరిగి గుజరాతీలో ఏదో అన్నాడు. దీన్‌బాయి నవ్వలేదు. వామన్‌రావు దాన్ని అంతగా పట్టించుకోలేదు.

మర్నాడు దుకాణం తెరవగానే సేటు అడిగాడు. "ఎట్లుంది? పెట్టుకుందామా?"

బాగుందంటే ఆ తోటకు మళ్లీ మళ్లీ వెళ్లాలి, ప్రతి పీపా రుచి చూడాలి. జహనుమాకూ ఆ తోటకూ పెద్ద దూరం లేదు. ఎవరో ఒకరు అన్న చెవిన వేస్తారు. తాగకుండా వచ్చానంటే ఇన్నేళ్ల ముచ్చటంతా బయటపడుతుంది. ఇవన్నీ ఒక్క క్షణంలో తిరిగాయి అతని బుర్రలో. నోటికి అందిన మాట డాక్టరుది.

"పులుపు, సేటూ."

"పులిసిందా?"

వామన్‌రావు తలూపాడు.

"అయితే వద్దు," అన్నాడు సేటు. ఆ మాటే తోటకు కబురు పంపాడు. మా వాళ్లు తాగి చూసిండ్రు, పులిసిందన్నరు, మా దుకాణానికి పనికిరాదు అని.

అంతటితో అయిపోయిందనుకున్నాడు వామన్‌రావు. నిజంగానే కొంత కాలం ఏమీ జరగలేదు. మరుసటి వానాకాలంలో ఒక పొద్దున తోట పక్క నుంచి పాలు పోయడానికి వచ్చే బాలమ్మ రాధాబాయితో గడపలో నిలబడి చెబుతోంది. "పార్సీ సేఠ్ తీగలన్ని పీకిపిస్తున్నడమ్మా. పచ్చటి తీగలు, కాపు కాసేవి. ఆకంత మా బర్రెలకే ఏస్తున్న. ఆయన పక్కకే నిలబడి చూస్తుండు, ఒక్క మాట మాట్లాడడు. బాయి లోపల తలుపేసుకున్నది. ఏమైందో ఏందో పాపం."

లోపల అద్దం ముందు నిలబడి తలకు రుమాలు చుట్టుకుంటున్న వామన్‌రావు చేతులు ఆగిపోయాయి. ఆ పూట పాలు వద్దన్నాడు. మర్నాడూ వద్దన్నాడు. "పాలేం పాపం చేసినయి?" అంది రాధాబాయి. పాపం పాలది కాదని అతనికంటే బాగా ఎవరికి తెలుసు? చాంద్రాయణగుట్ట వైపు పోవాల్సిన పని పడితే చుట్టు తిరిగి వేరే దారిన పోవడం మొదలుపెట్టాడు. గుళ్లో అన్న తీర్థం ఇచ్చినప్పుడు చేయి చాపడానికి వెనకాడేవాడు. నేను ముట్టలేదు కదా, నా నిష్ఠ చెడలేదు కదా అని తనకు తాను చెప్పుకునేవాడు. చెప్పుకున్న ప్రతిసారీ ఆ నిష్ఠ మీదే అసహ్యం వేసేది.

తర్వాత యుద్ధం వచ్చింది. ఓడలు తగ్గాయి, బొంబాయి నుంచి పెట్టెలు రావడం ఆగింది. వెనక గది అరలు ఖాళీ అవుతుంటే ఒకనాడు ఆ డాక్టరే దుకాణానికి వచ్చాడు. ఏమీ లేదని తెలిసి నిట్టూర్చి, "ఆ హోర్ముస్‌జీ తెల్ల వైను అయినా మీరు తెప్పించి ఉంటే బాగుండేది," అన్నాడు.

"గది పులిసిందంట గదా డాక్టర్‌సాబ్?" అన్నాడు సేటు.

"ఎవరన్నారు? నేను ఆ రోజే అన్నాను. కొంచెం పులుపు ఉంది, ఆ పులుపే దాని అందం అని. అంత మంచిది ఇక్కడ చేస్తారని నేను కలలో కూడా అనుకోలేదు."

డాక్టరు వెళ్లిపోయాక సేటు వామన్‌రావు వైపు చూశాడు. వామన్‌రావు ఇక దాచలేకపోయాడు. నిలబడి ఉండగానే అంతా చెప్పేశాడు. ఆ రోజు ఒక్క చుక్క తాగలేదని, అసలు పుట్టినప్పటి నుంచి తాగలేదని, పులుపన్నది వేరే వాళ్ల నోటి ముక్క అని.

"తాగెటోడు సిగ్గుపడి దాచిపెడ్తడు. తాగనోడు గూడ దాచిపెడ్తడని నాకు ఇయ్యాలనే తెలిసింది," అన్నాడు దుర్గయ్య సేటు. "నా తాన కాదు పంతులూ నువ్వు చెప్పాల్సింది. పో, ఆయన తాన చెప్పు."

ఆ ఆదివారం మధ్యాహ్నం వామన్‌రావు తోటకు వెళ్లాడు. పందిరి రాళ్లు అలాగే నిలబడి ఉన్నాయి. వాటి మధ్య బాలమ్మ వాళ్ల బర్రెల కోసం వేసిన పచ్చగడ్డి పెరుగుతోంది. హోర్ముస్‌జీ వసారాలో కూర్చుని జాడీలోంచి సీసాల్లోకి పచ్చళ్లలో వేసే పుల్లటి సిర్కా పోస్తున్నాడు. ఆ ఘాటు వాకిలి దాకా వస్తోంది. దీన్‌బాయి మూతలు బిగిస్తోంది. వామన్‌రావును గుర్తుపట్టి ముసలాయన సంతోషించాడు.

"ఆవో భాయ్. చూడు, మిగిలిన పీపాలన్ని సిర్కా చేసేసిన. ఆచార్ పెట్టెటోళ్లు తీస్కపోతున్నరు."

కూర్చోమన్నా వామన్‌రావు కూర్చోలేదు. చేతులు కట్టుకుని చెప్పాడు. పులిసిందన్నది తనేనని, తాగకుండానే అన్నానని. డాక్టరు పూర్తిగా ఏమన్నాడో కూడా చెప్పాడు. "మీ వైను మంచిది సేఠ్‌జీ. తప్పు నాది."

హోర్ముస్‌జీ ఓపిగ్గా అంతా విని తలాడించాడు. నవ్వాడు కూడా.

"నువ్వు దిల్ మంచోనివి భాయ్. ముసలోడు బాధపడ్తుండని గిట్ల చెప్పనీకి వచ్చినవు. కాని అది పులుపే. కబురు వచ్చిన నాడు నేను మల్ల తాగి చూసిన. పులుపే తగిలింది. మూడు పీపాలు చూసిన, మూడిట్ల గదే. అంతకు ముందు నాకు ఎందుకు తెల్వలేదో! సొంత బిడ్డ కదా, కనపడలే."

"కాదు సేఠ్‌జీ, ఒట్టు. నేను ముట్టనే లేదు."

"మంచిది, మంచిది," అంటూ ఆయన వామన్‌రావు చేయి పట్టుకుని నిమిరి, మళ్లీ జాడీ మీదికి వంగాడు. ఎన్ని రకాలుగా చెప్పినా అంతే. మందలిస్తే బాగుండుననిపించింది వామన్‌రావుకు. తిట్టి గెంటేస్తే ఇంకా బాగుండును. ఆ ముసలాయన తన నాలుకను తానే నమ్మడం మానుకున్నాడు. ఇప్పుడు ఎవరొచ్చి ఎంత నిజం చెప్పినా అది జాలిమాటగానే వినపడుతుంది.

దీన్‌బాయి గేటు దాకా వచ్చింది.

"నువ్వు కుండీల ఒంపుడు నేను చూసిన," అంది. "మూడు సార్లు. నచ్చలేదనుకున్న. అందుకే కబురు వచ్చినప్పుడు ఆయన నన్నడిగితే, అవును అయి ఉంటది అన్న. ఆయన తీగలు పీకిపిచ్చిండంటే నా మాట గూడ ఉన్నది అందుల."

వామన్‌రావు గేటు మీద చేయి ఆనించి తల దించుకున్నాడు.

"తాగను అని ఒక్క మాట చెప్తే అయిపోతుండె గదా భాయ్. నేను షర్బత్ ఇస్తుంటి," అంది ఆమె. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట అతన్ని ఇంటి దాకా తరిమింది.

సేటు కూడా తర్వాత స్వయంగా కబురంపాడు, మళ్లీ చేస్తే పెట్టుకుంటానని. హోర్ముస్‌జీ వద్దన్నాడు. వామన్‌రావు దుకాణం మానేసి ఒక బట్టల కొట్టులో లెక్కలు రాసే పనికి కుదిరాడు. అన్నతో ఏదీ దాచకుండా చెప్పుకున్నాడు. విఠల్‌రావు విని, "కొలువు సంగతి నాకు ఎప్పుడో తెలుసురా. ఈ సంగతే తెల్వదు," అని, చాలా రోజులు తమ్ముడితో ముభావంగా ఉన్నాడు.

హోర్ముస్‌జీ నలభై అయిదో సంవత్సరం వానల్లో పోయాడు. పార్సీల శ్మశానం లోపలికి వేరేవాళ్లు వెళ్లకూడదు గనుక వామన్‌రావు, బాలమ్మ, తోట కూలీలు బయట తడుస్తూ నిలబడ్డారు. కొన్నాళ్లకు దీన్‌బాయి సికింద్రాబాదులో ఉన్న చెల్లెలి ఇంటికి మారింది. సామాను బండికి ఎక్కించడానికి వామన్‌రావు వెళ్లాడు. అన్నీ ఎక్కించాక ఆమె బండిలో కూర్చుంటూ అంది.

"నిన్ను మాఫ్ చేసిన్నో లేదో నాకే తెల్వది భాయ్. ఒక్కో రోజు చేసినట్టే ఉంటది. ఒక్కో రోజు చేయబుద్ధి కాదు. అయినా అప్పుడప్పుడు వచ్చి పో. ఆయన సంగతి మాట్లాడనీకి అక్కడ ఎవరు లేరు."

"వస్త బాయీసాబ్," అన్నాడు వామన్‌రావు.

ఆ తర్వాత ఆమె బతికి ఉన్నంత కాలం వీలు చూసుకుని సికింద్రాబాదు వెళ్లి వస్తుండేవాడు. ఒక్కోసారి దీన్‌బాయి తీగల గురించి, ఆయన గురించి పొద్దుగూకే దాకా చెప్పేది. ఒక్కోసారి ఒంట్లో బాగా లేదని లోపలి నుంచే పంపించేసేది. పంపించేసిన రోజున కూడా వామన్‌రావు కాసేపు ఆ అరుగు మీద కూర్చుని గాని లేచేవాడు కాదు.