పగ్గం పట్టిన చేతులు

ఎద్దు ఉరికితె పగ్గం గుంజాలె. చిన్నప్పటి సంది నా చేతులకు ఎరికైన పని గదొక్కటే. ఎడమ పగ్గం గుంజితె బండి ఎడమకు తిరుగుతది, రెండూ గుంజితె ఆగుతది. తెరచాప పడవల గిదే తెలివి మనిషిని ముంచుతది. నేను రెండుసార్లు మునిగిన, గందుకే చెప్తున్న.

మాది నెల్లికుదురు దిక్కు. వానలు పడక ఎద్దులమ్మి పట్నం పోయిన. పిల్లలకు తెరచాప పడవలు నేర్పే జాగల వాచ్‌మెన్‌ పని దొరికింది. ఇరవై ఏండ్లు గా పడవలు కడిగిన, చాపలు మడతపెట్టిన, గాలి విసురు తగిలితె ఏం జెయ్యాల్నో సారు చెప్తుంటె ఒడ్డు మీద నిలబడి విన్న. ఎక్కి నడిపింది మాత్రం లేదు. మా ఇంటామె భూమి ఇడిచి రానన్నది. దున్నిచ్చుడు, నాట్లేపిచ్చుడు, కల్లం కాడ కూసునుడు అంత ఆమెనే. నేను చుట్టం లెక్క వచ్చి పోతుంటి.

కొలువు ఇడిసెటప్పుడు, పారేసే పాత పడవ ఒకటుంటె అడిగి తీసుకొని డీసీఎం లారీల ఏసుకొచ్చిన. నాకున్నది ఒక్కటే ఆశ. ఆమెను పక్కన కూసోబెట్టుకొని మా చెరువుల ఒక చుట్టు తిరుగాలె.

"ఇన్నేండ్లకు ఇల్లు జేరెటోడు ఏమన్న తెస్తడనుకుంటి. కుడితి తొట్టి తెచ్చిండు" అన్నది ఆమె.

మొదటిసారి మునిగింది నడుము లోతు నీళ్లల్ల. చేపలోళ్లు పడీ పడీ నవ్విండ్రు. రెండోసారి నడి చెరువుల బోర్లపడ్డ. ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉన్నది గనుక తేలిన గని, చేపల సంఘం పెద్దాయన తెప్పేసుకొని వచ్చి గుంజిండు. మా ఇంటామె కట్ట మీద నిలబడి అంత చూసింది. ఆమె తిడితె నాకు ఫికర్ లేదు. గానాడు తిట్టలే. రెండు దినాలు మాట్లాడనే లేదు. మూడోనాడు అన్నం పెట్టుకుంట అన్నది: "ఇంటికొచ్చి మూడు నెలలు గాలే, చెరువుల కలుస్తవా? నేను గూడ ఎక్కుత. ఏడ తప్పు జేస్తున్నవో చూస్త. మునిగినమా, పడవను గొడ్డలి పెట్టి పలగ్గొడ్త."

ఎక్కుతనన్నందుకు సంబురం. గొడ్డలికి భయం.

తెల్లారి పొద్దుగాల ఇద్దరం జాకెట్లు తొడుక్కొని ఎక్కినం. గాలి నిమ్మళంగున్నది. నా ఎడమ చేతిల చాప తాడు, కుడి చేతిల చుక్కాని కర్ర. ఆమె చీర కుచ్చిళ్లు మోకాళ్ల నడుమ ఒత్తిపట్టుకొని కూసున్నది. కొంచెం దూరం పోయినంక చెయ్యి నీళ్లల్ల పెట్టింది. "మంచిగనే ఉన్నదిగాని" అన్నది. అబ్బ, గా మాటకు నా పాణం లేసొచ్చింది.

గంతల్నే ఆమె తల లేపి, "ఏమయ్యా, గాలొస్తుంది" అన్నది.

"ఏడొస్తుంది? అంత మంచిగుంటె!"

"గా కట్ట దిక్కు సూడు. నీళ్లు నల్లవడ్డయి, ముడతలు వడుకుంట ఇటే వస్తున్నయి."

నేను మెడ తిప్పేలోపట్నే విసురు తగిలింది. చాప ఉబ్బింది, పడవ ఒక పక్కకు ఒరిగింది. తాడు ఒదులు జెయ్యాలె, చుక్కాని కర్రను అవతలికి నూకి పడవ మూతిని గాలికెదురు తిప్పాలె. గీ పాఠం నేను నిద్రల గూడ చెప్తా. చెప్తే ఏం ఫాయిద? చేతులు ఎద్దుల బండి మీదున్నయి. తాడు ఇంకింత గుంజిన, కర్రను నా దిక్కే గుంజిన. పడవ ఇంకింత ఒరిగి నీళ్లు లోపలికొచ్చినయి. "అయిపాయె, గొడ్డలే" అనుకున్న.

"ఇడువు! గట్టిగ పడ్తవేంది, ఇడువు!" అని ఆమె నా పిడికిలి ఊడదీసి తాడు లాక్కున్నది. జర్రున ఒదిలింది. చాప టపటప కొట్టుకున్నది, పడవ సక్కగ నిలబడ్డది. అప్పుడు గని నాకు సోయి రాలే. కర్రను అవతలికి నూకిన. మూతి గాలి దిక్కు తిరిగింది. ఇద్దరం తడిసినం గని మునుగలే.

"నీకెవలు నేర్పిండ్రే?" అన్న.

"ఎవలు నేర్పుతరు? ఇన్నేండ్లు కందులు, పెసర్లు తూర్పారబట్టింది ఎవలు? గాలి ఎక్కువైతె చాట దించుతం, గింజలు గూడ కొట్టుకపోతయని. గాలితోని కొట్లాడుతమా?"

కొట్లాడి కొట్లాడి మునిగింది నేనే. తాడు తిరిగియ్యమని చెయ్యి చాపిన. ఇయ్యలే. విసురు వచ్చినప్పుడల్లా ఆమె ముందుగాలనే చూసి తాడు ఒదులు చేసుడు, నేను కర్రను జర నూకుడు. గాలి తగ్గంగనే ఆమె మల్ల గుంజుడు. గట్లనే చెరువంత తిరిగినం.

ఒడ్డుకు వచ్చేసరికి సంఘం పెద్దాయన వల దులుపుకుంట ఉన్నడు. "ఏం చెల్లె, పడవను పలగ్గొడ్తనంటివట?" అన్నడు.

"పడవకేమైందన్నా, మంచిగున్నది. నడిపెటోన్ని సగం మార్చిన" అన్నది.

ఆయన నవ్విండు. నేను గూడ నవ్విన. పెండ్లైన కాడికెల్లి ఇద్దరం కలిసి ఒక్క పని చేసింది గానాడే.