పెదాలు కలవని మాట

సిద్దమ్మ మొహం సినిమావాళ్లకు నచ్చడంతోనే గొడవంతా మొదలైంది.

అందమైన మొహమేమీ కాదు. పెద్దముడియం పక్క పల్లెలో పాతికేళ్లు మేకల వెనక తిరిగి ఎండకు కమిలిన మొహం. రెండువేల మూడు వేసవిలో గండికోట దగ్గర షూటింగుకు దిగినవాళ్లకు అలాంటిదే కావలసి వచ్చింది. వెతికిపెట్టింది జమ్మలమడుగు కమాల్ బాషా. జీపులకు మనుషుల్ని ఎక్కించి పంపడం అతని పని. పులివెందులలో మీటింగైనా, ప్రొద్దుటూరులో ఊరేగింపైనా, ఏ పార్టీ అడిగితే ఆ పార్టీకి పంపేవాడు. ఎన్నికలు లేని ఏడాది సినిమాలకు పంపేవాడు.

“నీ మొహం బాగుందన్నారు సిద్దక్కా, అది సూపిస్తే సాలు. ఒక్కటంటే ఒక్క మాట అనాల, అంతే.”

“ఏం మాటప్పా?”

“అది ఆడ సెప్తార్లే. నువ్వు ముందు జీపెక్కు.”

ఎక్కింది. మొగుడు పోయి నాలుగేళ్లు. ఆమె మొహంలోకి చూసి బాగుందన్నవాడు ఈ నాలుగేళ్లలో ఒక్కడూ లేడు. ఆ మాట కోసమే వెళ్లిందంటే అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

డైరెక్టరు కోస్తా కుర్రవాడు. చెడ్డవాడు కాదు. కుర్చీ వేయించాడు, మజ్జిగ ఇప్పించాడు. తర్వాత చేతిలో వేటకొడవలి పెట్టాడు.

“మీ ఆయన్ని అవతలి వర్గం చంపేసిందమ్మా. శవం ముందు నిలబడి, కొడుకుల్ని చూసి ‘నరకండ్రా’ అని అరవాలి. మీకు అనుభవం ఉందని బాషా చెప్పాడు. ఆ రోజు మీరు ఏమని శపథం చేశారో అదే గుర్తు తెచ్చుకోండి.”

సిద్దమ్మకు వెంటనే అర్థం కాలేదు. ఆమె మొగుడు సంజీవయ్య ఏ వర్గం మనిషీ కాదు. తొంభై తొమ్మిదిలో ఓట్ల రోజు తప్పిపోయిన పోతుమేకను వెతుక్కుంటూ వెళ్లి, ఒకరి మీదికొకరు వస్తున్న రెండు జీపుల మధ్య పడ్డాడు. బాంబు ఎవరిదో ఈనాటికీ తేలలేదు. మా కార్యకర్తే అని ఒక పార్టీ దండ వేసింది, కాదు మావాడే అని రెండో పార్టీ ఇంకో దండ వేసింది. బతికున్న రోజుల్లో అతన్ని రెండు పార్టీలూ కలిసి ఒక్కసారైనా పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు.

“శపథమేంది సార్? మేకలు దప్పికతో అరుస్తాంటే పొయ్యి నీళ్లు పెట్టినా. అవి తాగినాక ఇంటికొచ్చి ఏడ్సినా.”

డైరెక్టరు తన అసిస్టెంటు వైపు చూశాడు. “అది తెర మీద నిలబడదమ్మా,” అన్నాడు నెమ్మదిగా. సీమ ఆడదంటే ఎలా ఉంటుందో అతను పది సినిమాల్లో చూసి వచ్చాడు. పదకొండోది ఎదురుగా కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతున్నా కంటికి ఆనలేదు.

సిద్దమ్మకు అప్పుడు కూతురు గుర్తొచ్చింది. పెంచలమ్మ గుంటూరులో నర్సింగు చదువుతోంది. ఉగాదికి వచ్చినప్పుడు చెప్పింది: “సీమదాన్నని హాస్టల్లో నాకు పెట్టిన పేరేందో తెల్సా మా? బాంబు. ‘బాంబూ, అన్నానికి రావే’ అంటారు. మీ అమ్మ గూడా కొడవలి పట్టుకుంటాదా అని అడిగితే, మాయమ్మ అట్లాంటిది కాదని కొట్లాడినా.”

ఇప్పుడు ఆ కొడవలే చేతిలో ఉంది. ఇది తెర మీద చూస్తే పిల్ల తలెక్కడ పెట్టుకుంటుంది? కొట్లాడిన మాట అబద్ధమైపోదా?

“సార్, ఆ మాట నేననలేను. నా కూతురు గుంటూర్లో సదువుకుంటాంది.”

“ఏదో ఒకటి అనండమ్మా. నోరు కదిలితే చాలు,” అన్నాడు డైరెక్టరు. ఎండ వాలిపోతోందని అతని తొందర.

సిద్దమ్మ దాన్ని అనుమతి అనుకుంది. కొడవలిని తిప్పి చూసింది. అట్టముక్క, పైన వెండిరంగు. మేకలకు రొట్ట కొట్టే మనిషికి పనిముట్టు సంగతి వేరేవాళ్లు చెప్పాలా? యాక్షన్ అనగానే దాన్ని పైకెత్తి గొంతు చించుకుని అరిచింది:

“దీంతో తుమ్మకొమ్మ గూడా తెగదు గదప్పా!”

అందరూ ఘొల్లుమన్నారు. శవం పొట్ట కూడా అదిరింది. డైరెక్టరు నవ్వాపుకుని ఓకే అన్నాడు. సిద్దమ్మ గెలిచాననుకుంటూ ఇంటికొచ్చింది.

దసరాకు ప్రొద్దుటూరులో సినిమా ఆడింది. మొదటి ఆట చూసి కమాల్ బాషా నేరుగా ఆమె వాకిట్లోకి వచ్చాడు.

“ఏం అరిసినావు సిద్దక్కా! ‘నరకండ్రా’ అంటే హాలు అదిరిపాయె!”

“నేనా మాట అన్లేదప్పా.”

“నువ్వెందుకంటావు? గొంతు హైదరాబాదులో ఇంకెవరో ఏసినారు. సినిమా అంటే అంతేలే.”

ఆ రోజు ఆమెకు సంగటి ముద్ద దిగలేదు. పెంచలమ్మ ప్రతి ఆదివారం ఊళ్లోని ఎస్టీడీ బూతుకు ఫోను చేసేది. ఆ ఆదివారం చేయలేదు. పై ఆదివారమూ చేయలేదు. సిద్దమ్మే బూతుకు వెళ్లి హాస్టలు నంబరు కొట్టించింది. “పిలుస్తాను ఉండండి” అని అవతలి గొంతు అనగానే భయమేసి పెట్టేసింది. ఏమని చెబుతుంది? ఆ నోరు నాదే, ఆ మాట నాది కాదంటే ఎవరు నమ్ముతారు?

మూడో శనివారం పొద్దున పెంచలమ్మే దిగింది. బ్యాగు గడపలో పెట్టి, “పా మా, సినిమాకు పోదాం,” అంది.

“ఎందుకు పాపా...”

“పోదాం పా.”

తల్లీ కూతుళ్లు ప్రొద్దుటూరు బస్సెక్కారు. హాల్లో ఆడవాళ్ల వైపు కూర్చున్నారు. అరగంటకు సిద్దమ్మ మొహం గోడంత పెద్దదై తెర మీద నిలబడింది. కొడవలి లేచింది. ఎవరిదో మగరాయుడిలాంటి గొంతు “నరకండ్రా!” అని గర్జించింది. కింద బెంచీల్లో ఈలలు. సిద్దమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఇంటర్వెల్లో దీపాలు వెలిగాక పెంచలమ్మ నోరు విప్పింది.

“హాస్టలు పిల్లోళ్లమంతా పోయినాం మా. నువ్వు కనపడతానే ‘అదుగో బాంబువాళ్లమ్మ’ అని నవ్విరి. నువ్వు నిజంగా మాయమ్మేనని వాళ్లకు తెలీదు. నేను సెప్పలా. నోరు మూసుకొని కూసున్నా. రెండు వారాలు నీకు ఫోను జేసే మొగం లేకపాయె.”

“నా మీద కోపమనుకుంటి.”

“మొదట కోపమే. మళ్లా నేనొక్కదాన్నే పొయ్యి సూసినా. ‘నరకండ్రా’ అనేటప్పుడు పెదాలు కలవవు మా. అని సూడు.”

సిద్దమ్మ నోట్లోనే అనుకుని చూసింది. నిజమే, కలవలేదు.

“తెర మీద నీ పెదాలు మూడుమాట్లు కలిసినాయి. నువ్వనింది వేరే మాట. ఏమన్నావో సెప్పు. అదడగడానికే వచ్చినా.”

సిద్దమ్మ కూతురి చెవిలో చెప్పింది. పెంచలమ్మ ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత తల్లి భుజం మీద తల పెట్టి, భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వింది. ఆ నవ్వులోనే ఎక్కడో ఏడుపు కలిసింది. సిద్దమ్మకు జాకెట్టు తడిసింది గానీ కదల్లేదు.

చివర్లో హీరోకు పాతవన్నీ గుర్తొచ్చాయి. సినిమాల్లో గుర్తు రాకుండా ఉండవు గదా. మళ్లీ సిద్దమ్మ, మళ్లీ కొడవలి. తెర మీది నోరు తెరుచుకునే క్షణాన పెంచలమ్మ లేచి నిలబడి, ఆ పెదాలకు సరిగ్గా అతికేలా అరిచింది:

“దీంతో తుమ్మకొమ్మ గూడా తెగదు గదప్పా!”

అచ్చు అతికింది. ఆడవాళ్ల వైపు నుంచి పుట్టిన నవ్వు మగవాళ్ల బెంచీల దాకా పాకింది. హీరో నెత్తురు మరుగుతుంటే జనం కళ్లు తుడుచుకుంటున్నారు. అది చూసి సిద్దమ్మ కొంగు తీసేసింది. ఇంతసేపూ నవ్వు తన మీదికి వస్తోందనుకుంది. ఇప్పుడు అది తెర మీదికి వెళ్తోంది.

వెనక సీటామె వంగి అడిగింది. “ఎవురు పాపా నువ్వు? ఆ మాట నీకెట్ల తెల్సు?”

“తెర మీదుండేది మాయమ్మ,” అంది పెంచలమ్మ, అందరికీ వినపడేలా. “ఇదుగో, ఈమే.”

బయటికొచ్చాక బస్టాండు దారిలో పెంచలమ్మ తల్లి చెయ్యి వదల్లేదు.

“వచ్చే నెల్లో నా రూములో పిల్లోళ్లను ముగ్గుర్ని పిల్సుకొస్తా మా. నాయన సంగతి నువ్వే వాళ్లకు సెప్పాల. మేకలకు నీళ్లు పెట్టింది గూడా.”

“సెప్తాలే. గానీ పాపా, వాళ్లకేం వండేది? గుంటూరోళ్లు గదా, అన్నంలోకి ఉత్త మిరపకాయలే నంజుకుంటారంట?”

పెంచలమ్మ నడిరోడ్డు మీద ఆగిపోయింది. “ఎవరు సెప్పినారు మా నీకు?”

“సినిమాలో సూసినా,” అంది సిద్దమ్మ.