నెమరు వేయని చిరుత

పోయిన ఆదివారం మధ్యాహ్నం కడుపునిండా పప్పన్నం తిని, ఛత్రినాకలో మా ఇంటి ముందుగదిలో మంచం మీద ఒరిగి హాయిగా నిద్రపోతుంటే, మలక్‌పేటలో ఉండే మా అమ్మాయి ఆటో కట్టించుకుని వచ్చి తలుపు దబదబా బాదింది. నా గుండెకు స్టెంటు వేసిన తరువాత తను నా చేతికి కట్టిన గడియారం, నేను ఎంత నడిచిందీ, ఎంత శక్తి ఖర్చుపెట్టిందీ లెక్కగట్టి తన ఫోనుకు చెబుతుందట. అందులో కదలిక కనబడక, వంటింట్లో మరిచిన నా ఫోను ఎంత మోగినా ఎవరూ ఎత్తక, పిల్ల ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చింది.

"ఏంది బాపూ, ఎంతసేపటి నుంచి కదల్తలేవని చూపెడ్తుంది. నా పానం ఆగిపోయింది" అన్నది.

నవ్వబోయాను గాని నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ భయం నాకు బాగా తెలిసిందే. వయసులో ఉన్నప్పుడు నేనూ అలాంటి యంత్రాన్నే నమ్మి, చచ్చిపోయిందనుకున్న చిరుతపులి దగ్గరికి నా కాళ్లతో నేనే నడిచి వెళ్లాను.

మాది పాలవాళ్ల ఇల్లు. చదువు అయ్యాక, పేడ ఎత్తే పని నా వల్ల కాదని మొండికేసి, అడవిలో చిరుతల మీద పరిశోధన చేసే ఒక సార్ దగ్గర చేరాను. చిరుత ఎంత తిరుగుతుంది, ఆ తిరుగుడుకు ఎంత శక్తి ఖర్చవుతుంది, అది పూడ్చుకోవడానికి ఎంత వేట కావాలి అన్నది ఆయన ధ్యాస. అందుకని చిరుతకు మత్తు ఇచ్చి, మెడకు రేడియో అమర్చిన బెల్టు కట్టేవాళ్లు. మెడ కదిలితే మా చెవిలో టిక్కుటిక్కు వేగంగా వినిపించేది, కదలకపోతే నిదానించేది. భుజాన రిసీవరు, చేతిలో యాంటెనా, చెవులకు హెడ్‌ఫోను, అంతకుమించి మా దగ్గర ఏమీ లేదు.

చెవికి అలవాటు కావాలని సార్ ఒక బెల్టు ఇచ్చి ఇంటికి పంపితే, ఇంట్లో పులి ఎక్కడిది గనుక, మా బర్రె మెడకే కట్టి గల్లీలోకి తోలి, డాబా మీద యాంటెనా పట్టుకుని కూర్చునేవాణ్ణి. బర్రె ఏమంటోందని బస్తీవాళ్లు ఎగతాళి చేస్తుంటే మా బాపుకు తల కొట్టేసినట్టయ్యేది. అయితే బర్రె పడుకున్నా ఊరుకోదు కదా, నెమరు వేస్తూనే ఉంటుంది, మెడ ఆడుతూనే ఉంటుంది. అందువల్ల టిక్కులు ఎక్కువసేపు నిదానించాయంటే ప్రాణం లేనట్టేనని, ఎవరూ చెప్పకుండానే నా మనసులో నాటుకుపోయింది.

అడవికి వెళ్లాక, మేము బెల్టు కట్టిన ఆడ చిరుత ఒకరోజు తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా వాగు అవతల ఒకేచోట ఉండిపోయింది, టిక్కులు మందగించినవి మందగించినట్టే ఉన్నాయి. సార్ పట్నం వెళ్లి ఉన్నారు. బెల్టు బిగించిన చేతుల్లో నావీ ఉన్నాయి, అది గొంతుకు బిగుసుకుని ఊపిరాడక చచ్చిందేమోనని నాకు ముద్ద దిగలేదు. శాలిబండ నుంచి మాతో వచ్చిన జీపు డ్రైవరు, సార్ వచ్చేదాకా ఆగమని ఎంత చెప్పినా నేను వినకుండా బయలుదేరితే, పాపం నన్ను ఒంటరిగా వదల్లేక తిట్టుకుంటూ వెంట వచ్చాడు.

వాగు దాటాక చప్పుడు పెద్దదవుతూ వచ్చింది, అంటే దగ్గరికి చేరుతున్నామన్నమాట. అప్పటిదాకా దాని కోసం భయపడ్డానే గాని నాకోసం భయపడాలని తోచలేదు. ఒక పొద ముందుకు రాగానే, అంతవరకు నిదానంగా ఉన్న టిక్కులు ఒక్కసారిగా వేగం అందుకున్నాయి. అది తల ఎత్తింది. కళ్లకు ఇంకా ఏమీ కనబడకముందే చెవులకు తెలిసిపోయింది, అది బతికే ఉందని, నన్నే చూస్తోందని. ఆ తరువాతే ఆకుల మధ్య రెండు కళ్లు, పక్కన సగం తిన్న జింక కనబడ్డాయి.

"ఉరకకు భాయ్, గట్లనే ఎనుకకు రా" అన్నాడు డ్రైవరు.

ఒక్కో అడుగే వెనక్కి వేస్తున్నా టిక్కులు తగ్గలేదు. అది లేచి, మమ్మల్ని చూసి, ఏమనుకుందో గాని తిండి వదిలేసి గుట్టవైపు వెళ్లిపోయింది. జీపు దగ్గరికి వచ్చి హెడ్‌ఫోను తీశాక కూడా ఆ చప్పుడు వినబడుతూనే ఉంటే, అది నా గుండెదని తెలియడానికి చాలాసేపు పట్టింది.

సార్ వచ్చి చివాట్లు పెట్టారు. "కడుపునిండింది కాబట్టి పడుకుందయ్యా, మళ్లీ వేట దొరికేదాకా ఒంట్లో శక్తి దాచుకోవాలి కదా. దాన్ని లేపి, తిండి మాన్పించి, గుట్ట ఎక్కించావు" అన్నారు. పులిని బర్రెగా లెక్కగట్టిన మొనగాణ్ణి నేనేనని జట్టులో చాలాకాలం నవ్వుకున్నారు.

ఇప్పుడు మా గల్లీలో బర్రెలు లేవు. అడవిలోనూ యాంటెనా పట్టుకుని తిరిగేవాళ్లు తగ్గారట, చిరుత ఎక్కడుందో, ఎంత అలసిందో ఉపగ్రహం నుంచి ఫోనుకే వస్తుందట. మంచిదే, ఎవరూ పొదల దాకా వెళ్లనక్కరలేదు. యంత్రం ఎంత తెలివిమీరినా, తిని పడుకున్న ప్రాణికీ పోయిన ప్రాణికీ తేడా తెలియక మనిషి పడే భయం మాత్రం అలాగే ఉంది, అది ఆనాడు నాకు పట్టింది, ఇవాళ నా బిడ్డకు పట్టింది. అందుకే ఇప్పుడు అన్నం తిని ఒరిగినప్పుడు, మధ్యలో మెలకువ వస్తే చాలు, గడియారం ఉన్న చెయ్యి పైకెత్తి కాసేపు ఊపి, మళ్లీ కళ్లు మూసుకుంటాను.