చిన్నమ్మ పెంచిన తల్లి చేపలు

మా చిన్నమ్మ పోయింది. రోహిణి ఎండల్లో, కర్నూలు ఆసుపత్రిలో, తొలకరి ఇంకెన్నాళ్లని అడుగుతూ పోయింది. సమాధి మీద మన్ను ఆరకముందే, ఆమె పనిచేసిన చేపల పరిశోధన కేంద్రం వాళ్లు సంతాప సభ పెట్టారు. ఆ సభ నుంచి ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. కోపంతోనే రాస్తున్నాను, ఏమనుకున్నా సరే.

ఆమె చేసిన పనేమిటో ముందు చెప్పాలి. మన సీమ చెరువుల్లో నీళ్లు కొన్ని నెలలు నిలిస్తే గొప్ప. కోస్తా నుంచి లారీల్లో వచ్చే చేపపిల్లలు ఈ వేడినీళ్లకు తట్టుకోలేక చచ్చి తేలేవి. రైతులు మందుల మీద మందులు పోసేవాళ్లు. చిన్నమ్మ ఏటా చెరువులు అడుగంటే వేళకు ఊరూరా తిరిగి, బురదనీళ్లలో ఇంకా బతికున్న శీలావతి చేపల్ని ఏరి తెచ్చేది. వాటి పిల్లల్లో గట్టివాటిని మళ్లీ ఏరేది. అలా తన ఉద్యోగకాలమంతా పెట్టి, కేంద్రంలోని ఒక కుంటలో తల్లి చేపల్ని తయారుచేసింది. ఏటా వానలు మొదలవగానే సూది వేసి వాటిచేత గుడ్లు పెట్టించేది. ఆ పిల్లలు ఏ మందూ లేకుండా పెరిగేవి.

"మన నీళ్లలో బతకాల్సిన పిల్ల మన నీళ్లలోనే పుట్టల్ల" అనేది.

ఆమె నోరు మహా కారం. ఓర్వకల్లు వైపు నుంచి ఒక రైతు వచ్చి చేపలకు మాత్రలు రాసివ్వమంటే, "ఏమప్పా, జరమొస్తే మాత్ర నువ్వు మింగుతావా, ఊరి బాయిలో యేస్తావా?" అని నిలదీసింది. మళ్లీ తనే ఆయనకు టీ తాగించి, ఆయన బండి మీదే కుంట దాకా పోయి, నీళ్లలో మోచేతి దాకా చేయి పెట్టి చూసింది. "మేత శానా యేస్తాండావు. అది కుళ్లి నీళ్లు చెడిపోతాండాయి, తగ్గించు" అంది. అంతే, చేపలు కోలుకున్నాయి. ఆమె చీర కొంగులన్నీ ఆ చేతులు తుడిచి తుడిచి చెరువు వాసన కొట్టేవి. ఆ కొంగు పట్టుకుని పెరిగినదాన్ని నేను.

ఆమె మంచం పట్టాక కేంద్రానికి కొత్త ఇన్‌ఛార్జి వచ్చాడు. చిన్నమ్మ ఆసుపత్రి నుంచి నా ముందే ఆయనకు ఫోన్ చేసింది. "సార్, తల్లి చేపలు గుడ్ల మీద ఉండాయి. కుంటలో నీళ్లు తగ్గనీయాకండి. వానలొచ్చేదాకా వల ఎయ్యనీయాకండి."

"మీరు నిశ్చింతగా ఉండండి మేడం" అన్నాడాయన.

"మాటిచ్చినాడు లే పాపా" అని ఆ పూట నాలుగు గుక్కలు గంజి తాగింది.

సంతాప సభలో ఆయనే మైకు పట్టుకుని, మేడం పరిశోధనను ముందుకు తీసుకుపోతామన్నాడు. చప్పట్లు కొట్టారు. తర్వాత భోజనాలు. నా విస్తరిలో అరచేయంత చేప ముక్క పడింది, పక్కన వేయించిన చేపగుడ్లు.

"ఇవి యాడివి?" అని వడ్డించే మనిషిని అడిగాను.

"ఈడి కుంటలోవేమ్మా. పొద్దున పట్టినాం. అన్నీ పెద్దపెద్దవే పడినాయి."

నాకు ఒళ్లు మండిపోయింది. విస్తరి ముందు నుంచి లేచిపోయి ఇన్‌ఛార్జిని అందరిలో నిలబెట్టి అడిగాను. "ఆయమ్మకు మాటిచ్చి, ఆయమ్మ బతుకంతా వండుకుని తింటిరే సార్, మీకు గొంతు ఎట్ల దిగింది?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "చేపల కోసం ఇంత గొడవేంటమ్మా? వానలు పడగానే కోస్తా నుంచి లారీ తెప్పిస్తాం కదా" అన్నాడు.

కుట్ర చేసి ఉంటే ఇంత మండేది కాదేమో. ఆమె ఏం చేసిందో తెలుసుకోవాలని కూడా ఆ మనిషికి తోచలేదు.

నేరుగా కుంట దగ్గరికి పోయాను. గట్టు మీద మేత బస్తా మూతి విప్పే ఉంది. పిడికెడు తవుడు తీసి నీళ్ల మీద చల్లి, ఒక్క చేపైనా పైకొస్తుందేమోనని చూశాను. తవుడు చల్లినచోటే తేలుతూ ఉండిపోయింది.