నీళ్లు లేని హౌజ్

నా చిన్నప్పుడు ఆర్మూరులో ఈత మగపిల్లల సొత్తు. టౌన్ హాలు వెనకాల సిమెంటుతో కట్టిన పెద్ద ఈత కొలను ఉండేది. ఊరంతా దాన్ని హౌజ్ అనేది. హాల్లో పెళ్లిళ్లు, మీటింగులు జరిగేవి. పసుపు సీజన్ వస్తే దూరం నుంచి బండ్లు కట్టుకొచ్చిన రైతులు అక్కడే పడుకునేవారు. హౌజ్‌లో మాత్రం పొద్దునా సాయంత్రం మగపిల్లల కేకలే. మేం ఆడపిల్లలం ప్రహరీ బయట నిలబడి నీళ్ల చప్పుడు వినాలి, అంతే. ఇప్పుడు హాలూ లేదు, హౌజూ లేదు. పైన సెల్‌ఫోన్ల దుకాణాలు, కింద చెప్పుల షాపు ఉన్న కాంప్లెక్సు లేచింది. అక్కడ జనాన్ని చూసినప్పుడల్లా, మీరు నిలబడ్డ చోటే నేను ఒకప్పుడు చావబోయాను అని చెప్పాలనిపిస్తుంది. ఎవరు వింటారు, ఎవరి హడావుడి వాళ్లది.

ఎండాకాలం మొదట్లో హౌజ్ కడగడానికి నీళ్లన్నీ వదిలేసేవారు. నీళ్లున్నప్పుడు అది మగపిల్లలది, నీళ్లు లేనప్పుడు మాది. పక్కింటి ముస్లిం ఆవిడను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేదాన్ని. ఆమె కూతురూ నేనూ ఒక ఈడు వాళ్లం, ఒకరిని విడిచి ఒకరం ఉండేవాళ్లం కాదు. ఆ రోజు వారపు అంగడి కాబట్టి జనమంతా అటే పోయారు. మేమిద్దరం వెనక గేటు సందులోంచి దూరి, లోతు తక్కువగా ఉన్న వైపు మెట్లు దిగాం. అక్కడి నుంచి నేల ఏటవాలుగా దిగుతూ అవతలి గోడ దాకా పోతుంది. ఆ గోడ దగ్గర ఏనుగు నిలబడ్డా మునుగుతుందని మగపిల్లలు గొప్పలు చెప్పేవారు. ఆ అడుగేదో చూడాలని నాకు ఎన్నాళ్ల నుంచో కోరిక. "వద్దే, పాకుడున్నది" అని నా స్నేహితురాలు అంటూనే ఉంది. నేను అడుగేశానో లేదో, జర్రున జారి పోయి అవతలి గోడకు కొట్టుకున్నాను.

మొదట నవ్వొచ్చింది. లేచి ఎక్కబోతే మళ్లీ జారాను. చేతులతో పాకాను, బోర్లా పడుకుని మోకాళ్లతో నెట్టుకున్నాను. ఎంత ఎక్కితే అంత జారడమే. గోడకుండే ఇనుప నిచ్చెన రంగు వేయడానికి విప్పి తీసుకుపోయారు. మూడు వైపులా నున్నటి గోడలు, ఒక వైపు పాకుడు పట్టిన నేల, పైన ఎండ. నా కేక నాకే తిరిగొచ్చేది. అప్పుడు గోడలోని పైపు గుడగుడమని, నీళ్లు కక్కడం మొదలుపెట్టింది.

కరెంటు వచ్చిందన్నమాట. అది ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. అందుకని మా వైపు రైతులు మోటరు స్టార్టరుకు పుల్ల అడ్డం పెట్టి తమ పనికి తాము పోయేవారు. కరెంటు రాగానే మోటరు దానంతట అదే నడిచి పొలం పారేది. హౌజ్ కావలి మనిషి కూడా వ్యవసాయం చేసినవాడే. పొలం పోయినా అలవాటు పోలేదు. కడగడానికి నీళ్లు పట్టాలని పుల్ల పెట్టి, మోటరు గదికి తాళం వేసి, తాళంచెవితో సహా అంగడికి పోయాడు.

నా స్నేహితురాలు మార్కెట్ గేటు దగ్గర మా నాయన నడిపే చాయ్ హోటలుకు పరిగెత్తింది. మా నాయన వచ్చాడు, వెనకే మా చిన్నాయన వచ్చాడు. మా నాయన నన్ను చూడడమే ఆలస్యం, ముందూ వెనకా ఆలోచించకుండా దూకాడు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని గోడ అంచు అందుకొమ్మన్నాడు. పాకుడు మీద ఆయన కాలే నిలవలేదు, ఇద్దరం నీళ్లలో కూలబడ్డాం. అది చూసి మా చిన్నాయనా దూకాడు. ఆయనా జారాడు. ముగ్గురం ఒకరినొకరం పట్టుకుని లేవడం, ఒకరితో పాటు ఒకరం పడడం. నీళ్లు నా నడుము దాకా వచ్చాయి. మా ఇంట్లో ఎవరికీ ఈత రాదు. మా నాయన ముఖం చూశాను. నాన్న కూడా భయపడతాడని నాకు ఆ రోజే తెలిసింది. ఒక్కదాన్ని ఉన్నప్పటికంటే ఆయన వచ్చాకే నాకు ఎక్కువ భయమేసింది.

నా స్నేహితురాలు ఈసారి తన తల్లిని పిలుచుకొచ్చింది. ఖాలా మార్కెట్లో పసుపు పాలిష్ పట్టే చోట కూలి. ఒళ్లంతా పసుపు దుమ్ముతో వచ్చి మెట్ల మీద ఆగి, మమ్మల్ని ముగ్గురినీ కలయజూసింది. నేను చేతులు చాపి, "ఖాలా, రా! నన్ను ఎత్తుకో!" అని గుండెలు పగిలేలా ఏడ్చాను.

"నేను రాను బేటా," అంది.

మా నాయన కూడా బతిమాలాడు. "ఆపా, బిడ్డ మునుగుతది, జర చెయ్యియ్యి!"

"బిడ్డ పడ్డదని నువ్వు దుంకితివి. అన్న పడ్డడని తమ్ముడు దుంకిండు. ఇగ నేను గూడ దుంకితే మీకు నీళ్లల్ల తోడైత, గంతే. ఊకె ఒకల్నొకలు గుంజకుండ్రి, బిడ్డను పైకి పట్టుకొని నిలవడుండ్రి."

అని వెనుదిరిగి వెళ్లిపోయింది. ఆమె మీద అప్పుడు వచ్చినంత కోపం నాకు జన్మలో ఎవరి మీదా రాలేదు. కన్నకూతురైతే ఇట్లా వదిలేస్తుందా అనుకున్నాను. పైపు చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. మా నాయన నన్ను చంకనెత్తుకుని గోడకు ఆనుకున్నాడు.

తల్లీకూతుళ్లు తిరిగొచ్చేసరికి ఇద్దరి నెత్తిన మూటలు, చంకల్లో ఖాళీ గోనె సంచులు ఉన్నాయి. పాలిష్ పట్టినప్పుడు రాలే పసుపు పొట్టు మార్కెట్ గోడ పక్కన గుట్టలుగా పడి ఉండేది. ఖాలా మెట్ల దగ్గర నుంచి ఆ పొట్టు పాకుడు మీద గుమ్మరించి, దాని మీద ఖాళీ గోనె సంచి పరిచి, ఆ సంచి మీదికి వచ్చి ముందుకు మళ్లీ గుమ్మరించింది. అట్లా తాను నిలబడ్డ చోటు గట్టిపడితేనే కాలు ముందుకు వేసింది. మేం మొత్తుకుంటుంటే తొందరపడలేదు. చివరి సంచి నీళ్ల అంచుకు, నాకు చెయ్యందేంత దగ్గరికి చేరింది.

"భయ్యా, బిడ్డను ఇడువు. నడిచొస్తది," అంది. మా నాయన నన్ను ఎత్తుకుని రాబోతే కసిరింది. "ఇద్దరి బరువుకు సంచి జారుతది. ఇడువు!" నాతో మాత్రం మెల్లగా అంది. "బేటా, నా మొఖం జూడు. నేను గట్టిగ నిలవడ్డ. ఒక్కొక్క సంచి మీద కాలు పెట్టుకుంట రా."

ఆమె ముఖంలో ఏ బెదురూ లేదు. ఆ ముఖాన్నే చూస్తూ నడిచాను. నా వెనక మా చిన్నాయన, ఆఖరున మా నాయన వచ్చారు. అందరం మెట్లెక్కాక ఖాలా ఒక మూల కూర్చుని, ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు ఏమీ అర్థం కాలేదు. ఆపద గడిచాక ఏడుస్తుందేమిటని వింతగా చూశాను.

కావలి మనిషి వచ్చి చూసి నోరు కొట్టుకున్నాడు. ఆ సంవత్సరం హౌజ్‌లో నీళ్లు ఎంతకీ తెల్లబడలేదు. మగపిల్లలంతా పెళ్లికొడుకుల్లా పచ్చగా తేలారు. "అన్నదమ్ములు ఈతకు పోయిండ్రట గద" అని చాయ్ తాగడానికి వచ్చినవాళ్లు మా నాయనను చాలాకాలం ఆటపట్టించారు. ఆయన కూడా నవ్వేవాడు కానీ, ఖాలా ఎదురైతే తల వంచి నమస్కారం పెట్టేవాడు.

ఆ ఏడుపు నాకు అర్థం కావడానికి నేను తల్లిని కావలసి వచ్చింది. నా కూతురు కాన్పులో పసికందును పోగొట్టుకుని, మా ఇంటికి వచ్చి గదిలో పడుకుంది. తిండి లేదు, మాట లేదు. నేనూ దాని పక్కనే పడుకుని ఏడ్చాను. అది తినకపోతే నేనూ తినలేదు. అదే ప్రేమ అనుకున్నాను. ఒకనాడు అది నా వైపు తిరిగి, నా ముఖం చూసి ఇంకా బెదిరిపోయింది. ఆ చూపు నాకు ఎక్కడో తెలుసు. హౌజ్‌లో మా నాయనను నేను అట్లాగే చూశాను.

లేచాను. స్నానం చేసి తల దువ్వుకున్నాను. పొయ్యి వెలిగించి వంట చేసి, ఆకలి లేకపోయినా దాని కళ్లెదుటే కూర్చుని కడుపునిండా తిన్నాను. మర్నాడు కిటికీ తెరిచాను. ఇంకోనాడు తలకు నూనె పెడతానంటే అది కాదనలేదు. రమ్మని గుంజలేదు, దానితో కలిసి ఏడవలేదు. ఇరుగుపొరుగు వాళ్లు నన్ను రాతిగుండె మనిషన్నారు, అననీ అనుకున్నాను. చాలా రోజులకు ఒక పొద్దున అది తనంతట తాను గడప దాటి వంటింట్లోకి వచ్చి, "అమ్మా, ఆకలైతుంది" అంది.

వేడి వేడి అన్నం పెట్టాను. అది తిని చెయ్యి కడుక్కునే దాకా ఎదురుగానే కూర్చున్నాను. ఆ తర్వాత పెరట్లోకి పోయి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను.